మనవడూ – మాల్టూ

సెలవు దొరికితే ఎక్కడికి వెళ్ళాలి అనే ప్రశ్నకు ఒక్కొక్క తరానిది ఒక్కొక్క సమాధానం. మా నాయనమ్మ నడిగితే కాశీ అనేది. మా అమ్మ తిరుపతి అనేది. మేము రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. క్వార్టర్సులో కాపురం పెట్టిన కొత్తలో, నెలాఖరున నాలుగు రూపాయలు మిగిలితే జూపార్కు, మిగలకపోతే పక్క క్వార్టరు వాళ్ళ ఇల్లు. మా కడగొట్టు పిల్ల తరానికి వచ్చేసరికి ఆ సమాధానం కాస్తా “వైనరీ” అయి కూర్చున్నది.

వైనరీ అంటే ద్రాక్షసారా తయారుచేసే చోటు. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది కాలిఫోర్నియాలో. మనవడి మొదటి పుట్టినరోజుకు మేమిద్దరం వెళ్ళినప్పుడు లివర్‌మోర్ అనే ఊళ్ళో గుడికి తీసుకువెళ్ళారు. శివుడూ విష్ణువూ ఒకే గుడిలో కొలువై ఉన్నారక్కడ. కట్టడం కూడా సగం ఉత్తరాది పద్ధతి, సగం దక్షిణాది పద్ధతి. ఇదివరకు ఇంత సామరస్యం నేను మన దేశంలో కూడా చూడలేదనుకుంటూ ప్రసాదం కళ్ళకద్దుకుని కారెక్కానో లేదో, కారు తిన్నగా వెళ్ళి ద్రాక్షతోటలో ఆగింది! ఆ ఊరి చుట్టూ ద్రాక్షతోటలే. 1883లో మొదలుపెట్టి ఇప్పటికీ ఒకే కుటుంబం నడుపుతున్న తోట కూడా అక్కడున్నది.

నిజం చెప్పాలి గదా, అక్కడ తాగి తూలేవాళ్ళు నాకెవరూ కనిపించలేదు. పచ్చికమీద దుప్పట్లు పరచుకుని సంసారులు కూర్చున్నారు. పిల్లలు బంతులాడుతున్నారు. గ్లాసు అడుగున రెండు గుక్కలు పోయించుకుని, వాసన చూచి, చప్పరించి, కొందరు ఉమ్మేస్తున్నారు కూడాను. డబ్బు పోసి కొన్నది ఉమ్మేయటమేమిటో మావారికి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈ ఏడు వేసవిలో వాళ్ళు మా ఇంటికి వచ్చారు. మనవడికి రెండేళ్ళు దాటాయి. వచ్చిన నాలుగో రోజున మా అల్లుడు కాఫీ తాగుతూ, “అత్తయ్యగారూ, సంగారెడ్డి చుట్టుపక్కల బీరు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయట గదా! శనివారం అందరం సరదాగా చూచి వద్దామా?” అన్నాడు.

మా అమ్మాయి నావంక చూచింది. మావారు పేపరులోకి తల దూర్చారు. నేను, “అలాగే బాబూ, వెళదాం. పులిహోర చేస్తాను,” అన్నాను. అల్లుడితో కాదనటం మా ఇంటి అలవాటు కాదు. పైగా ఎక్కడికి వెళ్ళినా పిల్లవాడి వెంట నేనుండటం మంచిదనిపించింది.

శనివారం పెందరాళే బొంబాయి రోడ్డు పట్టాము. ఈ రోడ్డు నాకు యాభై ఏళ్ళుగా తెలుసు. అప్పుడు పొలాలు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ – మెట్టపంటలమీద ప్రపంచానికంతటికీ పనికివచ్చే పరిశోధన అక్కడ జరుగుతుంది. ఆ తరువాత మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వరసగా వచ్చాయి. బిడ్డల చదువులూ పెళ్ళిళ్ళూ ఆ జీతాలతోనే జరిగాయి, కాదనను. కాని నక్కవాగు నీళ్ళు రంగు మారిందీ అప్పుడే. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు శుద్ధికేంద్రంనుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, అందులో లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా సిప్రోఫ్లాక్ససిన్ మందు ఉన్నదని ప్రకటించారు. జబ్బు మనిషి రక్తంలో ఉండే మందుకంటె వాగులోకి పోయే నీళ్ళలోనే ఎక్కువ! ఇస్నాపూరు దాటేదాకా మా అమ్మాయి కారు అద్దాలు దించనివ్వలేదు.

“నీళ్ళ ఊసెత్తారు గాబట్టి చెబుతున్నాను,” అన్నారు మావారు. ఇంజనీరుగా రిటైరయినా పాఠం చెప్పటం మానలేదు ఆయన. “బీరులో నూటికి తొంభైపాళ్ళు నీళ్ళే. మంజీరా నీళ్ళు లేకపోతే ఈ ఫ్యాక్టరీలు ఇక్కడికి ఎందుకు వస్తాయి?” ఆ మాట నిజమే. 2016 వేసవిలో సింగూరు ఎండిపోయి ఊళ్ళకు తాగునీరు లేనప్పుడు, బీరు కంపెనీలకు నీళ్ళివ్వటం మీద పెద్ద రగడే జరిగింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కారు ఆపాము. గేటుమనిషి మర్యాదస్తుడు. “పాస్ లేంది లోపలికి పోనియ్యరు సార్. అండ్ల చిన్న పిల్లగాడున్నడు. అస్సలే పోనియ్యరు,” అన్నాడు. మా అల్లుడి ముఖం చిన్నబోయింది. లివర్‌మోర్‌లో చేయి పట్టుకుని లోపలికి పిలిచి, పీపాలు చూపించి, బిస్కట్లు పెట్టేవారాయె. మన రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్ళు నిండనివాడికి మద్యం అమ్మకూడదు. రెండేళ్ళవాడు ఇంకా పందొమ్మిదేళ్ళు ఆగాలి గదా అని నేను మనసులో లెక్క వేసుకున్నాను.

కాని మా వాడికి అక్కడ దొరకవలసిన వినోదం దొరికింది. గేటులోంచి ఒక ట్రాక్టరు బయటికి వచ్చింది. ట్రాలీ నిండా పొగలు కక్కుతూ బార్లీ పిప్పి. బీరు కాచగా మిగిలిన ఆ పిప్పిని పాడిరైతులు కొనుక్కుపోయి గేదెలకు పెడతారు. కుడితి వాసన వేసింది. “బర్రె బువ్వ!” అని వాడు చప్పట్లు కొట్టాడు.

గేటు బయట చెట్టుకింద నిలబడి మా అల్లుడు బీరు తయారీ వివరించాడు. బార్లీ గింజలు నానబెట్టి మొలకెత్తనిస్తారట. మొలకెత్తే గింజ తనలోని పిండిని తానే చక్కెరగా మార్చుకోవటం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడు ఆరబెట్టి మొలక ఎదగకుండా ఆపుతారు. అదే మాల్టు. దాన్ని మరపట్టి, వేడినీళ్ళలో కలిపి, తియ్యటి రసం తీసి, హాప్స్ అనే తీగెపూలు వేసి కాస్తారు. చేదు ఆ పూలదే. చల్లారాక ఈస్టు వేస్తే అది చక్కెరను తిని సారానూ, బుడగల వాయువునూ ఇస్తుంది.

“ఇందులో మొదటి సగం నేను రోజూ చేస్తూనే ఉన్నాను బాబూ,” అన్నాను. అతను ఆశ్చర్యంగా చూచాడు. మా మనవడు పొద్దున్నే తాగే రాగి మాల్టు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నాడో! రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక నీడను ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి, జల్లించి – ఇదంతా నా చేతిమీదనే గదా! మొలకెత్తిన పిండి జావ పలచగా, కమ్మగా ఉంటుంది, పసివాడికి తేలికగా అరుగుతుంది. మాల్టు ఒకటే. అక్కడినుంచి ఒకదారి ఉగ్గుగిన్నెకు పోయింది, ఇంకొకదారి సీసాకు పోయింది.

“పాలు కూడా అంతే,” అన్నారు మావారు ఊరుకోక. “పాశ్చర్ మహాశయుడు 1860ల్లో సన్నని వేడితో సూక్ష్మజీవులను చంపే పద్ధతి కనిపెట్టింది ద్రాక్షసారా చెడిపోకుండా ఉండటానికి. 1876లో బీరుమీద ఏకంగా పుస్తకమే రాశాడు. పాలకు ఆ పద్ధతి వచ్చింది తరువాత. మీవాడి పాలపాకెట్టు తాగుబోతులకు రుణపడి ఉన్నది!” ఆ జోకుకు మా అల్లుడొక్కడే నవ్వాడు.

సంగారెడ్డి దాటాక తాటిచెట్ల కింద ఆగాము. గౌడుగారొకాయన మోకు వేసుకుని చెట్టు దిగుతున్నాడు. పసివాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా అల్లుడు లొట్టివంక ఆశగా చూచి, “నీరా అయితే పిల్లలు కూడా తాగవచ్చంటారు గదా?” అన్నాడు. గౌడుగారు తల అడ్డంగా ఊపాడు. “నీరా పొద్దు పొడవక ముందట సార్. గిప్పుడు ఎండెక్కింది, ఇది కల్లయింది. పిల్లగానికి మంచిది గాదు. ముంజలు తినిపియ్యుండ్రి,” అని, కత్తితో కాయలు చెక్కి ముంజలు తీసి వాడి చేతిలో పెట్టాడు.

“మీ పిల్లలు కూడా చెట్లెక్కుతారా?” అని అడిగాను. “లేదమ్మా. సదువుకుంటున్నరు. చెట్టు మీదికెల్లి పడితే మా ఇంట్ల ఎవ్వలున్నరు? నేనే ఆఖరు,” అన్నాడు. చెట్టుమీదనుంచి పడి పోయేవాళ్ళు ఏటా ఉంటారు. అందుకే 2024లో ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కవచాలు పంచటం మొదలుపెట్టింది. తన వృత్తి సరుకు తన పిల్లలకు తాపని మనిషి, కులవృత్తి తనతో ఆఖరని చెప్పేటప్పుడు గొంతులో బాధపడటం నేను విన్నాను.

మధ్యాహ్నం కలబగూరు దగ్గర మంజీర ఒడ్డున చెట్టునీడన భోజనాలకు కూర్చున్నాము. హైదరాబాదు దాహం తీర్చటానికి 1965లో కట్టిన ఆనకట్ట అది. మొసళ్ళకు అభయారణ్యం కూడాను. దూరాన ఇసుకదిబ్బమీద ఒకటి దుంగలాగా పడుకుని కనిపిస్తే మావాడు పులిహోర మాని దాన్నే చూశాడు. తరువాత అందరికీ మజ్జిగ పోశాను. వాడు తన గ్లాసు రెండు చేతులా ఎత్తి, తాతగారి గ్లాసుకు టంగుమని తాకించి, “చీర్స్, తాతా!” అన్నాడు.

మావారు ఫక్కున నవ్వబోయి, నా ముఖం చూచి ఆగిపోయారు. మా అమ్మాయి తల వంచుకున్నది. అల్లుడికి మాత్రం ఏమీ బోధపడలేదు.

ఆ రాత్రి పిల్లవాడు నిద్రపోయాక అతనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. “అత్తయ్యగారూ, మీ తమ్ముడుగారు జబ్బు చేసి పోయారని మాత్రమే నాకు తెలుసు,” అన్నాడు. అప్పుడు చెప్పాను. నాకంటె రెండేళ్ళు చిన్నవాడు. బ్యాంకులో గుమాస్తా. చెడ్డవాడు కాడు, కొట్టటం తిట్టటం ఎరగడు. సాయంత్రం ఆరయితే సీసా ఉండాలి, అంతే. మూడేళ్ళ కొడుకు గ్లాసు కడిగి, తుడిచి, తెచ్చి తండ్రి ముందు పెట్టేవాడు. “ఎంత బుద్ధిమంతుడో!” అని అందరూ మురిసేవారు. 1994 నవంబరులో కాలేయం చెడి ముప్పై ఎనిమిదేళ్ళకే పోయాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారాయి మీద లేవటం, 1993లో సారాయి బందు కావటం, అంతా మా ఇంట్లో పేపర్లో చదువుకున్నాము. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మా మరదలు ఆ పేపరు ఆసాంతం చదివి, మడిచి, బీరువాలో పెట్టింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ పేపరు మాత్రం ఇంకా బీరువాలోనే ఉన్నది.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “మా నాన్నగారు తలుపు వేసుకుని తాగేవారు. నేనూ అన్నయ్యా తలుపు సందులోంచి చూచేవాళ్ళం. లోపల ఏదో గొప్ప రహస్యం ఉన్నదనుకునేవాళ్ళం. అందుకే నా కొడుకు ముందు తలుపు వేయకూడదనుకున్నాను.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తలుపు తీసి ఉంచిన ఇల్లు మా తమ్ముడిది. మూసి ఉంచిన ఇల్లు అతని తండ్రిది. రెండు ఇళ్ళలోనూ పిల్లలు చూస్తూనే ఉన్నారు. అమెరికాలో 1920నుంచి 1933దాకా నిషేధం పెట్టి తీసేశారు. మన దగ్గర రెండేళ్ళు పెట్టి తీసేశారు. ప్రభుత్వాలే తేల్చుకోలేని విషయాన్ని, రాత్రి పదిగంటలకు ఒక అత్తా అల్లుడూ తేలుస్తారా? కాని పదకొండేళ్ళ కాపురంలో నా అల్లుడు నాతో ఇంతసేపు మాట్లాడింది ఆ రాత్రే. వాడిని తాగుడు మానమని నేననలేదు. మానతానని అతనూ అనలేదు.

తిరుగు ప్రయాణంనాడు రెండు కిలోల రాగి మాల్టు డబ్బాలో పోసి ఇచ్చాను. అతను చేసే పద్ధతి కాగితంమీద రాసుకున్నాడు. రాసుకుని, జేబులో పెట్టుకుని, “వాడికి పదేళ్ళు వచ్చాక మీ తమ్ముడుగారి సంగతి మీరే చెప్పాలి అత్తయ్యగారూ. నేను చెబితే పాఠమవుతుంది,” అన్నాడు.

సరేనన్నాను. అప్పటికి నాకు ఎనభై పడతాయి. మాట ఇచ్చాను గాబట్టి, ఆరోగ్యం కాస్త జాగ్రత్తగా చూసుకుంటున్నాను. రోజూ పొద్దున్నే నేనూ ఒక గ్లాసు రాగి మాల్టు తాగుతున్నాను.