కూతురు కట్టిన తాజ్

ఆగ్రా వెళ్లిన మనవాళ్లు చాలామంది తాజ్‌మహల్ ముందు ఫొటో దిగి, పేఠా పొట్లాలు కట్టించుకుని రైలెక్కేస్తారు. యమున దాటి అవతలి ఒడ్డుకు వెళ్లేవాళ్లు తక్కువ. వెళితే మాత్రం ఎర్రరాతి ద్వారం వెనుక, తోట నడుమ, దంతపు నగలపెట్టెలాంటి చిన్న భవనం కనువిందు చేస్తుంది. అదే ఇతిమాదుద్దౌలా సమాధి. ఆటోవాలాతో ‘బేబీ తాజ్’ అంటే చాలు. నిజానికి ఆ ముద్దుపేరు దానికి అన్యాయమే! 1622లో మొదలై 1628 నాటికి, అంటే తాజ్‌కు పునాది పడకముందే, ఇది పూర్తయింది. కట్టించింది జహంగీర్ భార్య నూర్జహాన్... తన అమ్మానాన్నల కోసం.

ఆ తండ్రి మీర్జా గియాస్ బేగ్. పర్షియాలో బతుకు చెడి, నిండు చూలాలైన భార్యతో హిందుస్థాన్‌కు బయల్దేరాడు. దారిలో, 1577లో కాందహార్ దగ్గర పుట్టిన పిల్లే మెహరున్నీసా. బెంగాల్లో మొదటి భర్త చనిపోయాక కూతురితో మొగలుల అంతఃపురానికి చేరింది. 1611లో జహంగీర్‌ను పెళ్లాడేనాటికి ఆమెకు 34 ఏళ్లు. ఆ తర్వాత నాణేల మీద ఆమె పేరు పడింది, ఫర్మానాలు ఆమె పేరిట వెళ్లాయి. ఆరు తూటాలతో నాలుగు పులుల్ని కొట్టిందని భర్తే తన ఆత్మకథలో మురిసిపోయాడు. 1626లో సేనాని మహబత్ ఖాన్ జీలం ఒడ్డున చక్రవర్తిని బంధిస్తే, ఏనుగెక్కి నదిలోకి దిగి పోరాడింది.

లోపలికి వెళ్తే గోడల నిండా రంగురాళ్లతో పొదిగిన పూలకుండీలు, పళ్లు, సురాహీలు. అంతకుముందు మొగలుల పెద్ద సమాధులకు ఎర్రరాయే ప్రధానం. పాలరాయి మీద ఈ పొదుగుడు పని చూశాక, తాజ్‌లోని పూలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇట్టే తెలిసిపోతుంది. మధ్య గదిలో పసుపువన్నె సమాధులు రెండు, పక్కపక్కనే. తల్లి అస్మత్ బేగం గులాబీ అత్తరు చేసిన ఇల్లాలిగా జహంగీర్ మెప్పు పొందింది. 1621లో ఆమె పోతే, కొద్ది నెలలకే భర్తా వెళ్లిపోయాడు. తాజ్‌లో నిద్రిస్తున్న ముంతాజ్ ఈ దంపతులకు స్వయానా కొడుకు కూతురు.

మరి నూర్జహాన్? ఆమె కోసం సరిహద్దు దాటి లాహోర్ వెళ్లాలి. 1627లో జహంగీర్ చనిపోయి, షాజహాన్ గద్దెనెక్కాక అధికారం పోయింది. ఏడాదికి రెండు లక్షల భరణంతో 18 ఏళ్లు అక్కడే గడిపి, 1645లో కన్నుమూసింది. షాదరాలోని ఆమె సమాధి పాలరాళ్లు తర్వాతి కాలంలో ఊడిపోయాయి. పక్కనే కూతురు లాడ్లీ బేగం ఉంది. జహంగీర్ సమాధీ దగ్గర్లోనే. ఇద్దరి మధ్యా బ్రిటిష్‌వాళ్లు వేసిన రైలు పట్టాలు.