మైకు ముందు జల్లెడ

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఏ సరదా పుట్టినా ముందు సామాన్ల చిట్టా తయారవుతుంది. ఇంట్లో పాటలో పద్యాలో రికార్డు చేద్దామనుకుంటే మైకు, ఇంటర్‌ఫేసు, గోడలకి ఫోము... అన్నీ వచ్చేస్తాయి. మైకు ముందు బిగించే ఆ గుండ్రటి నల్లగుడ్డ, అదే పాప్ ఫిల్టరు, ఎప్పుడో చివర్న గుర్తొస్తుంది. నన్నడిగితే మైకు తర్వాత రావాల్సింది అదే.

అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "బడి" అనండి. తర్వాత "భయం" అనండి, ఒత్తు ఎగ్గొట్టకుండా. రెండోదానికి చేతికి గాలి కొడుతుంది. ఎదుటివాడి చెవికి అదేం పెద్ద విషయం కాదు గానీ, దగ్గర్లో ఉన్న మైకు పొరకి తగిలితే ఎవరో తలుపు గుద్దినట్టు "ధబ్" మని పడుతుంది. ఫిల్టరులోని నైలాను వల ఆ గాలి జోరుని చెదరగొట్టి, శబ్దాన్ని దాదాపు అలాగే పోనిస్తుంది.

ఇక్కడో తమాషా ఉంది. ఇంగ్లీషు వీడియోల్లో పరీక్షంతా "పి" అక్షరంతోనే చేస్తారు, ఎందుకంటే మాట మొదట్లో వాళ్ళ "పి" గాలి వదులుతుంది. (యాక్సెంట్ ట్రైనింగులో నోటి ముందు కాగితం పట్టుకుని అది కదిలేదాకా "పేపర్, పేపర్" అనిపించేది ఇందుకే.) మన "ప" అల్పప్రాణం, అంత ఊదదు. మనకి చిక్కంతా మహాప్రాణాలతో. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకి 36 అక్షరాలే లెక్కగట్టాడు, వాటిలో ఖ, ఘ, ఫ, భలు లేవు. కాబట్టి అచ్చతెలుగు పదాలు పాడుకునేవాళ్ళు కాస్త నిశ్చింతగా ఉండొచ్చు. భాగవతం పద్యాలకి ఆ సుఖం లేదు, పేరులోనే "భ" కూర్చునుంది.

నాకు ఈ గొడవంతా మా నాన్నగారి పద్యాలతోనే మొదలైంది. పోతన పద్యాలు వందకి పైగా ఆయనకి నోటికొచ్చు. ఆయన చదివే వరస వాళ్ళ మేష్టారి దగ్గర పట్టింది, ఏ పుస్తకంలోనూ దొరకదు. వయసు డెబ్బై ఎనిమిది. "ఇంకోసారి చదవండి నాన్నా" అని ఎన్నిసార్లు అడగ్గలం చెప్పండి? ఒక "భ" దగ్గర సిగ్నలు క్లిప్ అయిందంటే అక్కడ పోయిన గొంతుని ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగివ్వలేదు. క్లిప్ కాని ధబ్బుల్ని 100 హెర్ట్‌జ్ కింద కోసేసి తగ్గించొచ్చు గానీ, మగవాళ్ళ గొంతులో గంభీరం కూడా దాంతోపాటే పల్చబడుతుంది.

పైగా పెద్దవాళ్ళు లీనమైపోతే మైకు మీదకి వంగిపోతారు. అప్పుడు ఫిల్టరు కంచెలా పనిచేస్తుంది. మైకుకి మూడంగుళాల్లో ఫిల్టరు, దానికి ఇంకో మూడు నాలుగు అంగుళాల్లో నోరు, మైకు కాస్త ఏటవాలుగా. "మైకుకి జల్లెడెందుకురా" అన్నారు గానీ రెండో పద్యానికే దాన్ని మర్చిపోయారు.

కొనడం ఇష్టంలేకపోతే ఫ్యాన్సీ షాపులో దొరికే ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాను చున్నీ ముక్క బిగించండి. గుడ్డ మందమైతే గొంతు మూసుకుపోతుంది, జాగ్రత్త.

అయితే గది మోతకీ, "స"ల బుసకీ ఇది మందు కాదు. మా నల్లగండ్ల అపార్టుమెంట్లలో నేలంతా టైల్సు, పక్క సైటులో డ్రిల్లింగు, లింగంపల్లి వైపు నుంచి రైలు కూతలు. అందుకే పొద్దున్నే అయిదింటికి ఫ్యాను ఆపి, బట్టల బీరువా తలుపులు తెరిచి, పరుపున్న గదిలో కూర్చుంటున్నాం. గజేంద్ర మోక్షం అయింది. ప్రహ్లాద చరిత్ర సగంలో ఉంది, మిగతాది దసరాకి ఆయన మళ్ళీ వచ్చినప్పుడు.