నిప్పు కింద నిద్రపోయే తేనెటీగలు
న్యూయార్క్ మాన్‌హట్టన్ కాదండోయ్, ఇది కాన్సస్ మాన్‌హట్టన్! ఊరి పక్కనే కొంజా ప్రెయిరీ. నేను ఏప్రిల్‌లో వెళ్తే కొండవాలంతా నల్లటి బూడిద. కావాలనే అంటించారు. లేకపోతే సీడార్ చెట్లు, పొదలు కమ్మేసి గడ్డీ పూలూ మాయం.

మరి తేనెటీగలో? ఇక్కడి దేశవాళీ ఈగల్లో చాలావాటికి పట్టు లేదు, రాణి లేదు. తల్లి ఒక్కతే మట్టిలో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. మంట పైపైనే పోతుంది, పిల్లలు కింద సేఫ్. ఎండు కాడల్లో గూడు కట్టుకునేవాటికి ఆ అదృష్టం లేదు, కాడతోపాటే బుగ్గి.

కొంజాలో పరిశోధన కోసం నేలను ముక్కలు చేసి కొన్నిటిని ఏటా, కొన్నిటిని నాలుగేళ్లకు, కొన్నిటిని 20 ఏళ్లకోసారి కాలుస్తారు. కాలని ముక్కే కాడల ఈగలకు దిక్కు. చుట్టుపక్కల ఫ్లింట్ హిల్స్‌లో మాత్రం పశువుల మేత కోసం చాలాచోట్ల ఏటా మొత్తం తగలబెట్టేస్తారు. నాకు మింగుడుపడనిది అదే.

వెళ్తే ట్రెయిల్ పక్క ఎండు కాడ విరవకండి. లోపల ఎవరో పడుకుని ఉండొచ్చు!