ఇంజను మార్చాలా?

మాకు పొలం లేదు. తాడేపల్లిలో చిన్న ఇల్లూ, ఒక పాత లారీ ఉన్నాయి. పత్తి బేళ్లు, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు – ఆ కిరాయిలే మా సేద్యం.

ఏడాదిగా ఆ ఇంజనును నమ్మలేకపోయాం. చలిపొద్దున ఒక పట్టాన స్టార్టు కాదు. నీలం పొగ చిమ్ముతుంది, ఆయిలు తాగేస్తుంది. సీజనులో నాన్న రెండు రాత్రులు లోడుతో రోడ్డు పక్కనే గడిపారు. "ఇంజను మార్చేద్దాం" అన్నారు. మార్చాలంటే చెల్లెలి ఫీజుకని దాచిన డబ్బు తియ్యాలి.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించింది ఈ సూత్రాన్నే. రింగులూ లైనర్లూ అరిగితే గాలి జారిపోతుంది, వేడి చాలదు. ఆయిలు పైకెక్కి కాలి నీలం పొగవుతుంది. అంటే మా బండి రోగం ఉత్త అరుగుదలే కావచ్చు గదా! ఆ మాటే అంటే, "నీదేముందిరా, చెబుతావు. రాత్రిపూట రోడ్డు మీద కూర్చునేవాణ్ణి నేను" అన్నారు నాన్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

వారధి దాటి బెజవాడ ఆటోనగర్‌లో విప్పించాం. మేస్త్రీ కొలిచి చూసి, "బ్లాకు పగల్లేదు, క్రాంకు బాగుంది. లైనర్లూ పిస్టన్లూ మారిస్తే చాలు" అన్నాడు. సెకండ్‌హ్యాండు ఇంజనైతే దాని గతం మనకు తెలియదు, ఆర్.సి.లో నంబరూ మార్పించాలి. నాన్న చాలాసేపు ఆలోచించి సరేనన్నారు, ఒక షరతు మీద: మళ్లీ దారిలో ఆగితే మార్చడమే.

చెల్లెలి ఫీజు కట్టాం. బండి తిరుగుతోంది. అయినా రాత్రిళ్లు, యార్డు చేరానని నాన్న చెప్పేదాకా ఇంట్లో ఎవరం పడుకోం. మా లెక్కలో రాసుకోని ఖర్చు అదొక్కటే.