నాగార్జునకొండకు లాంచీలో

మదరసాకు వారపు సెలవు శుక్రవారం. నాగార్జునకొండ ద్వీపం మీద ఉన్న పురావస్తు ప్రదర్శనశాలకు కూడా సెలవు శుక్రవారమే. ఈ చిన్న చిక్కు వల్ల మా విద్యార్థులను ఆ కొండకు తీసుకువెళ్ళాలన్న ఆలోచన మూడేళ్ళు వాయిదా పడింది. చివరకు ఈ సంవత్సరం అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన మరునాడు, ఒక సోమవారం, పద్దెనిమిది మంది పిల్లలతో నరసరావుపేట నుండి ఫజర్ నమాజ్ తర్వాత వ్యానులో బయలుదేరాము.

బయలుదేరే ముందు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగారు: "హజ్రత్, అక్కడ ఉన్నవన్నీ బౌద్ధుల శిల్పాలు కదా, మన పిల్లలకు దాంతో ఏమి పని?" అడగదగిన ప్రశ్నే. భూమిపై సంచరించి పూర్వ జాతుల స్థితిగతులను చూడమని దివ్య ఖుర్ఆన్ ఒక చోట కాదు, పలుచోట్ల ఆదేశిస్తున్నది. చూడటం వేరు, ఆరాధించటం వేరు. అయితే మరొక సంగతి కూడా పిల్లలకు ముందుగానే చెప్పాము. దైవప్రవక్త (సఅసం) తబూక్ ప్రయాణంలో సమూద్ జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతాన్ని త్వరత్వరగా దాటి వెళ్ళారు; అది దైవశిక్షకు గురైన చోటు. మన పల్నాటి లోయ అటువంటిది కాదు. అక్కడ రాజులు, భిక్షువులు, సైనికులు, రాళ్ళు చెక్కినవారు బ్రతికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వందల ఏళ్ళకు మనలాంటి రైతులూ కూలీలూ బ్రతికారు. వారి గురించి తెలుసుకోవటానికి వెళుతున్నాము.

పిడుగురాళ్ళ వద్ద సున్నపు బట్టీల పొగ, గురజాల దాటాక మిరప చేలు. మాచర్లలో టీ త్రాగి, విజయపురి సౌత్ లాంచీ స్టేషన్‌కు చేరుకునేసరికి పదిన్నర అయింది. టిక్కెట్లు తీసుకుని నీటి ఒడ్డున నిలబడ్డాము. వర్షాలు బాగా పడిన సంవత్సరం కనుక జలాశయం దాదాపు నిండుగా ఉన్నది. పూర్తి మట్టం 590 అడుగులు. పిల్లలలో సముద్రం చూసినవారు ఇద్దరే. మిగిలినవారు దీనినే సముద్రం అనుకున్నారు.

ఈ నీటి గురించి మా ఇంటి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మా తండ్రిగారి ఊరు దీని కిందనే ఉన్నది.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఈ రెండు తేదీల మధ్య లోయలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. అప్పటికే ఆ లోయలో తవ్వకాలు సాగుతున్నాయి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడ ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేశారు. ఒక బడిపంతులు కళ్ళు తెరిచి నడవటం వల్ల ఇంత చరిత్ర వెలికివచ్చిందని మేము పిల్లలకు కొంత గర్వంగానే చెప్పాము. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఆనకట్ట కట్టటం ఖాయమయ్యాక, మునిగిపోయేలోగా వీలైనంత వెలికి తీయాలని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ అంతటా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి.

ఆ తవ్వకాలలో మట్టి తట్టలు మోసిన పిల్లలలో మా తండ్రిగారు ఒకరు. రాళ్ళను వరుసగా పరచి, అంకెలు వేసి, కొండ మీదికి చేర్చిన వైనం ఆయన మాకు ఎన్నోసార్లు చెప్పారు. ఆ మాటలలో కోపం ఉండేది కాదు, వింత ఉండేది. "రాయికి నెంబరు వేశారు నాయనా, ఒక్కటి పగలనివ్వలేదు" అనేవారు. తర్వాత వారి కుటుంబం నష్టపరిహారపు డబ్బుతో గురజాల వైపు వచ్చి స్థిరపడింది. మా దాదా ఖబర్ మాత్రం ఊరి చివరి ఖబరస్తాన్‌లో అలాగే ఉండిపోయింది.

మేము చదువు ముగించి కొత్తగా ఆలిం పట్టా తీసుకుని ఇంటికి వచ్చిన సంవత్సరం, షబె బరాత్ నాటి రాత్రి ఊరంతా ఖబరస్తాన్‌కు బయలుదేరింది. మా తండ్రిగారు అరుగు మీదనే కూర్చున్నారు. "నీళ్ళ కింద ఉన్నవాళ్ళకు సలాం ఎక్కడ నిలబడి చెప్పాలి?" అని మమ్మల్ని అడిగారు. మేము పుస్తకంలో చదివినది చదివినట్లు అప్పజెప్పాము: దుఆ ఎక్కడి నుండి చేసినా చేరుతుంది, ఖబర్ వద్దకు వెళ్ళటం తప్పనిసరి కాదు, ఈ రాత్రికి ప్రత్యేకంగా వెళ్ళాలన్న నియమం కూడా లేదు. చెప్పినదానిలో తప్పు లేదు. ఆయన "మంచిది" అని లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. లాంచీ ఎక్కి కొండకు వెళదామని ఒకటి రెండుసార్లు అడిగాము, రానన్నారు. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరి పదిహేనేళ్ళు దాటింది.

పదకొండు దాటాక లాంచీ కదిలింది. నూహ్ (అలైహిస్సలాం) నావ ఎక్కినప్పటి దుఆను పిల్లలందరూ కలిసి చదివారు. కొండ పదకొండు కిలోమీటర్ల దూరం, గంటకు కొంచెం తక్కువ ప్రయాణం. గాలి బాగా వీచింది; టోపీలు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. వెనుక ఆనకట్ట గేట్లు, మొత్తం ఇరవై ఆరు, కనబడినంత సేపు పిల్లలు లెక్కపెడుతూనే ఉన్నారు.

ద్వీపం నిజానికి ద్వీపం కాదు, ఒక కొండ తల. దిగగానే పైకి మెట్లు, మధ్యయుగపు కోట గోడలు, చెట్ల నీడ. నీటి నుండి రక్షించి తెచ్చిన స్తూపాలనూ స్నానఘట్టాన్నీ ఇక్కడ మళ్ళీ కట్టారు. సింహళ దేశపు భిక్షువుల కోసం నిర్మించిన విహారపు స్తూపం వాటిలో ఒకటి. నాటకశాల వంటి మెట్ల మైదానాన్ని మాత్రం ఇవతలి ఒడ్డున అనుపులో పునర్నిర్మించారు. సమయం చాలక అక్కడికి వెళ్ళలేకపోయాము.

క్రీ.శ. 3వ శతాబ్దం నుండి 4వ శతాబ్దపు తొలి భాగం వరకు ఇక్ష్వాకు రాజులకు ఈ లోయలోని విజయపురి రాజధాని. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక మతస్థుడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యాన్ని కట్టించింది. ఒకే ఇంటిలో రెండు దారులు, శాసనాలలో రెండూ నమోదైనాయి. స్త్రీలు తమ సొమ్ముతో, తమ పేరుతో ఇచ్చిన దానాలు ఇక్కడి శాసనాలలో చాలా ఉన్నాయి. మన ఇళ్ళలో స్త్రీల ఆస్తి హక్కును షరీఅత్ ఇచ్చినా, ఇవ్వటానికి చేతులు రాని పెద్దలు ఈ శాసనాలు చదివితే బాగుండునని మాకు అనిపించింది.

ప్రదర్శనశాలను 1966లో నెలకొల్పారు. భవనం కూడా విహారపు ఆకృతిలోనే ఉన్నది. శిల్పాలన్నీ ఆకుపచ్చ ఛాయ గల సున్నపురాతివి. ఉదయం బట్టీలలో కాలుతుండగా చూసిన సున్నపురాయికి ఇది చుట్టమేనా అని ఒక పిల్లవాడు అడిగాడు. పల్నాడంతా ఆ రాయే కదా! ఈ లోయలో ఛాయాస్తంభాలు కూడా దొరికాయి. అవి మరణించిన వారి జ్ఞాపకార్థం నిలిపిన రాళ్ళు. శాంతమూలుని కోసం ఆయన ఇంటి స్త్రీలు నిలిపినది ఒకటి. యుద్ధాలలో చనిపోయిన సైనికులకు నిలిపినవి కొన్ని. పేరుతో సహా చెక్కారు. పదిహేడు వందల ఏళ్ళ నాటి సైనికుని పేరు ఈనాడు చదవగలుగుతున్నాము.

ఒక గదిలో మునిగిపోయిన లోయ నమూనా ఉన్నది. కొండలు, నది, ఎక్కడెక్కడ ఏ స్తూపం, ఏ విహారం బయటపడిందో చూపే నమూనా అది. మేము దాని ముందు చాలాసేపు నిలబడ్డాము. మా తండ్రిగారు చెప్పిన గుర్తులతో, నది వంపును పట్టుకుని, ఊరు ఇక్కడ ఉండవచ్చునని వేలు పెట్టి చూసుకున్నాము. ఖబరస్తాన్ గుర్తు మాకు కనబడలేదు. నమూనా చేసినవారిని తప్పుపట్టటం లేదు. వారి పని ప్రాచీన కట్టడాలు. కానీ ఆ తట్టలు మోసినవారి ఇళ్ళు ఎక్కడ ఉండేవో చెప్పే ఒక్క పలక ఉంటే ఆ గదిలోకి మా తండ్రిగారు కూడా వచ్చి ఉండేవారేమో.

అక్కడ నిలబడి ఉండగా ఇమామ్ మాలిక్ 'ముఅత్తా'లోని ఒక ఉదంతం గుర్తుకు వచ్చింది. ఉహుద్ యుద్ధంలో అమరులైన అమ్ర్ బిన్ జమూహ్, అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)లను ఒకే ఖబర్‌లో ఉంచారు. వరద నీరు ఆ ఖబర్‌ను కోసివేయగా నలభై ఆరు సంవత్సరాల తర్వాత దానిని త్రవ్వి, వారిని మరొక చోటికి మార్చారు. వారి దేహాలు నిన్న మరణించినట్లే ఉన్నాయి. నీరు వస్తే తమవారి ఖబర్ ఏమవుతుందోనన్న దిగులు సహాబాల కాలంలో కూడా ఉన్నది. ఆ రాత్రి మా తండ్రిగారికి చెప్పవలసినది ఇది. పాఠంగా చదివినదే, నోటికి రాలేదు.

కొండ మీద గంటకు మించి సమయం ఉండదు. దిగువకు వచ్చి కృష్ణ నీటితో వుజూ చేసి, చెట్టు కింద దుప్పట్లు పరచి జుహర్‌కు నిలబడ్డాము. మా ప్రయాణం నలభై ఎనిమిది మైళ్ళు దాటినది కనుక మేము ముసాఫిర్లము, రెండు రకాతులే. లాంచీలో పనిచేసే మాచర్ల యువకుడు ఒకడు వచ్చి వరుసలో చేరాడు. మేము సలాం తిప్పగానే అతడు లేచి తన మిగిలిన రెండు రకాతులు పూర్తి చేసుకున్నాడు. తరగతిలో రెండు రోజులు చెప్పినా ఎక్కని మసాయిల్ పిల్లలకు ఆ రెండు నిమిషాలలో ఎక్కింది.

తిరుగు ప్రయాణంలో ఆ యువకుడినే మా తండ్రిగారి ఊరు పేరు చెప్పి అడిగాము. "ఆ పక్కన ఎక్కడో అంటారు హజ్రత్, మేము పుట్టకముందు సంగతి" అని ఎడమవైపు చెయ్యి చూపాడు. అక్కడ నీరు తప్ప మరేమీ లేదు. ఆ నీరే కుడి కాలువ గుండా మా నరసరావుపేట పొలాలకు వస్తున్నది. దాని చలువతో పండిన బియ్యమే మా మదరసా పిల్లలు తింటున్నారు. మేము లేచి, కమ్మీ పట్టుకుని, ఖబరస్తాన్‌లో చెప్పే సలాం చెప్పాము. మా దాదాకు, ఆయనతో పాటు అక్కడ ఉన్నవారందరికీ, గురజాలలో ఉన్న మా తండ్రిగారికీ దుఆ చేశాము.

"ఎవరికి సలాం చెప్పారు హజ్రత్?" అని అందరికంటే చిన్నవాడు అడిగాడు. చెప్పాము. వాడు లేచి నిలబడ్డాడు. వాడిని చూసి మిగిలినవారూ లేచి ఎడమవైపుకు వచ్చి చేతులెత్తారు. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. "అందరూ ఒకే పక్కకు రాకండి బాబూ, సగం మంది అటు కూర్చుని చేసుకోండి!" అని మాచర్ల యువకుడు కేక వేశాడు. సగం మంది కుడివైపుకు వెళ్ళి కూర్చున్నారు.