లాల్‌బజారులో తీగల బేరం

కలకత్తాలో లాల్‌బజారు రెండింటికి ప్రసిద్ధి. ఒకటి పోలీసు ప్రధాన కార్యాలయం, రెండవది వాద్యాల దుకాణాలు. ఒకచోట దొంగలను బిగిస్తారు, రెండవచోట తీగలను బిగిస్తారన్నమాట! అక్కడినుంచి ఉత్తరంగా పోయేది రవీంద్ర సరణి, అంటే పూర్వపు చిత్పూరు రోడ్డు. ఆ దారినే పోతే జొరాసాంకోలో రవీంద్రుడు పుట్టిన ఇల్లు వస్తుంది.

మొన్న శీతకాలంలో సదస్సుకు వెళ్ళి, నేనూ ఆ వీధి పట్టాను. "స్టీలు తీగలు తీసుకురా బాబాయ్, శబ్దం గట్టిగా రావాలి" అని మా అన్నయ్య కూతురు మరీ మరీ చెప్పింది. పోయిన మా అన్నయ్య వాయించిన గిటారు అది. ఆయన వస్తువుల్లో వదిన ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది అదొక్కటే.

దుకాణంలో ముసలాయన ముందుగా గిటారు ఎలాంటిదని అడిగాడు. సెల్‌ఫోనులో ఫోటో చూపించాను. మెడ వెడల్పు, బిరడల దగ్గరి గాళ్ళు, బ్రిడ్జికి ముడివేసి కట్టిన తీగలు చూసి తల అడ్డంగా ఊపాడు. "దాదా, ఇది క్లాసికల్ గిటారు. దీనికి స్టీలు నేనమ్మను" అన్నాడు హిందీలో.

ఆ పట్టుదలకు కారణం వుంది. ఆరు నైలాన్ తీగలూ కలిసి గిటారును సుమారు 40 కిలోల బలంతో లాగుతాయి. 'లైట్' అనే స్టీలు తీగలే 70 కిలోలకు పైమాట. ఆ లాగుడుకు పలుచని పైపలక ఉబ్బుతుంది, బ్రిడ్జి ఊడివస్తుంది. స్టీలు తీగల గిటారుకైతే లోపల ఇంటూ గుర్తులా బద్దలు వేసి బలం చేకూరుస్తారు. దానికి కొత్తగా నేర్చేవారు 0.010 అంగుళాల మొదటి తీగ వున్న సెట్టు తీసుకుంటే వేళ్ళకు సుఖం, 0.012 అయితే నాదం నిండుగా వుంటుంది. బెంగాలీ ఇళ్ళలో రవీంద్ర సంగీతం పలికించిన హవాయి గిటారుది వేరే దారి. తీగలు మెట్లకు అంటకుండా ఎత్తుగా వుంటాయి, వాటిపై ఉక్కు కడ్డీ జారుస్తారు. వేలితో నొక్కే పని లేదు గనుక లావు తీగలైనా బాధ లేదు.

నైలాన్ తీగలే తెచ్చాను. పిల్ల మూతి ముడిచింది. మీటి చూశాక మాట్లాడలేదు. వదిన వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

మీ అటక మీద పాత గిటారు వుంటే, తీగలు కొనబోయేముందు బ్రిడ్జి చూడండి. తీగలు ముడివేసి వుంటే సాధారణంగా నైలాన్; బ్రిడ్జి రంధ్రాలలో మేకుల్లాంటి పిన్నులు దిగగొట్టి వుంటే స్టీలు. ఒక్కమాట: కొత్త నైలాన్ తీగ కొన్నాళ్ళు సాగుతూనే వుంటుంది. విసుక్కోకుండా రోజూ శృతి చేసుకోవాలి.