ఊకొట్టేవాళ్లు కావలెను

కథ చెప్పే అమ్మమ్మలందరిదీ ఒకటే షరతు: వినేవాడు ఊకొట్టాలి. ఊకొట్టడం ఆగిందా, రాజుగారి ఏడుగురు కొడుకులూ వేటకు బయల్దేరినచోటే నిలబడిపోతారు. ‘నిద్రపోయావట్రా?’ అని ఒక తట్టు తట్టి చూసి, జవాబు రాకపోతే అమ్మమ్మ కూడా పడుకునేది. చెవిటి గోడకు కథ చెప్పే ఓపిక ఆమెకు లేదు.

ఈ ఊకొట్టే పనిని బుర్రకథవాళ్లు ఏకంగా ఒక కళ చేశారు. నడుమ తంబురా మీటుతూ కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ‘తందాన తాన’ అందుకోవడంతోనే వాళ్ల పని తీరిపోదు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ ఉరకలేస్తుంటే హాస్యం పట్టినవాడు అమాయకంగా ఒక ప్రశ్న వేసి ఆపుతాడు. కథకుడు పాటలోంచి మాటలోకి దిగి విడమరిచి చెబుతాడు. వెనక వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకు వచ్చిన సందేహమే అది. ఆమె అడగలేదు కాబట్టి వంత అడిగాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు కథకుడు షేక్ నాజర్‌కు బుర్రకథ వల్ల 1986లో పద్మశ్రీ వచ్చింది. పేరెప్పుడూ కథకుడిదే. అయితే ఎంతటి కథకుడైనా వంతలు లేకుండా వేదికెక్కడు. అడ్డుపడటంలో కూడా ఒక మర్యాద ఉందని వాళ్లను చూస్తే తెలుస్తుంది: వంత అడ్డుపడేది కథ ముందుకు సాగడానికి, మనం అడ్డుపడేది మన కథ మొదలుపెట్టడానికి.

నిజమే కదా! మోకాలు నొప్పి అని నోరు తెరిస్తే చాలు, ‘మోకాలేం చూశావు, నా నడుం సంగతి విను’ అని అందుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. రెండో రకం, ఉచిత సలహాల వాళ్లు. కూతురు ఆఫీసులో పడ్డ మాట చెప్పుకుంటూ ఉంటే, సగంలోనే నాన్న ‘ఉద్యోగం మారిపో’ అని తీర్పు ఇచ్చేస్తాడు. పాపం, ఆ పిల్ల ఉద్యోగం మారడానికి రాలేదు, చెప్పుకోవడానికి వచ్చింది. ఇక ఫోన్ తెర మీద బొటనవేలు ఆడిస్తూనే ‘చెప్పు, వింటున్నా’ అనేవాళ్లది మూడో రకం. వీళ్ల గురించి చెప్పినా వీళ్లు వినరు గనక వదిలేస్తున్నాను.

వినడంలో గట్టి పరీక్ష చూడాలంటే అష్టావధానానికి వెళ్లాలి. అందరూ అవధాని పద్యం చెప్పడాన్ని మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆయన చెవుల్ని మెచ్చుకుంటాను. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపదులు. నిషిద్ధాక్షరి అడిగే ఆయన అక్షరం అక్షరానికీ కాలు అడ్డుపెడతాడు. అప్రస్తుత ప్రసంగి అయితే ఉన్నదే అవధాని ధ్యాస చెదరగొట్టడానికి. ఎప్పుడో ఒకప్పుడు గంట మోగుతుంది, అది ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. ఒక్కో ఆవృత్తికి ఒక్కో పాదం చొప్పున పద్యాలు పూర్తి చేసి, ఆఖరున ధారణలో అన్నీ తిరిగి ఒప్పజెప్పాలి. విన్నట్టు రుజువు ఆ ఒప్పజెప్పడమే. అప్రస్తుత ప్రసంగిని అవధాని కసురుకోడు. చమత్కారంగా ఒక జవాబిచ్చి, ఆగినచోటికే తిరిగొస్తాడు.

ఆ ధారణలో పదోవంతు మన అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఉన్నా ఎంత బాగుండును! నీళ్ల ట్యాంకర్ల ఖర్చు మీద చర్చ అంటారు. మూడో అంతస్తు ఆయన ఖర్చు అంటాడు, ఐదో అంతస్తు ఆవిడ పార్కింగ్ అంటుంది, నిరుటి లెక్కల మీద ఇంకొకాయన లేస్తాడు. ఎవరి చేతిలో తంబురా వాళ్లకుంది, గుమ్మెట పట్టే నాథుడే లేడు. బోరులో నీళ్లు ఎన్ని గంటలకు తగ్గుతున్నాయో, మోటారు ఎందుకు ఆగుతోందో తెలిసిన వాచ్‌మన్ గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. అతన్ని పిలిచి అడగాలని ఎవరికీ తోచదు. రెండు గంటల తర్వాత తీర్మానం: వచ్చే ఆదివారం మళ్లీ కలుద్దాం.

ఈ విషయంలో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు మనకంటే నయం. క్రమం తప్పకుండా సమావేశం కావడం వాళ్ల పంచసూత్రాల్లో మొదటిది, పుస్తకాలు రాయడం చివరిది. చాప మీద గుండ్రంగా కూర్చుంటారు గనక ఎవరి మొహం ఎవరికైనా కనిపిస్తుంది. అప్పు ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది పుస్తకంలో రాసి, అందరికీ చదివి వినిపించి సంతకాలు తీసుకునే సంఘంలో ‘నేనలా అనలేదు’ అనే గొడవకు చోటు తక్కువ.

వినడానికి పెద్ద శిక్షణలేమీ అక్కర్లేదు. ఎదుటివాడి మాట కాదనే ముందు, ‘మీరన్నది ఇదేనా?’ అని అతని మాటను అతనికే ఒప్పజెప్పి చూడండి. అతను ఔనన్నాకే మీ అభ్యంతరం చెప్పండి. సగం తగాదాలు అక్కడే చల్లారతాయి. మిగతా సగం అసలైన తగాదాలు, అవి పడాల్సిందే. ఇక వచ్చే ఆదివారం మీటింగులో వాచ్‌మన్‌కు కూడా ఒక కుర్చీ వేయించండి. మోటారు సంగతి మొదట అతన్ని చెప్పనివ్వండి, కమిటీ ఆ తర్వాత మాట్లాడవచ్చు.